వినుట యను విద్య: దాంపత్య సలహాదారుల శిక్షణ చరిత్రము

కుటుంబ న్యాయస్థానమున న్యాయాధిపతి కూర్చుండు గది గాక, మఱియొక చిన్నగది యుండును. అందు బల్లకు నొకవైపున భార్యయు, మఱియొకవైపున భర్తయు, వారి కెదురుగా నొక యుద్యోగినియు కూర్చుందురు. ఆమె న్యాయవాది కాదు, వైద్యురాలు కాదు, పురోహితునివలె మంత్రము చెప్పునదియు కాదు. చట్టము ఆమెను కౌన్సెలరు అనుచున్నది. మనము సలహాదారు అని తెలిగించుకొంటిమి. 1984వ సంవత్సరపు కుటుంబ న్యాయస్థానముల చట్టము ఆఱవ సెక్షనున నామెకు స్థానము కల్పించినది. వ్యాజ్యము యొక్క స్వభావమును బట్టి సాధ్యమైనచోట నుభయులకు నొడంబడిక కుదుర్చుటకు మొదట ప్రయత్నింపవలయునని తొమ్మిదవ సెక్షను న్యాయస్థానమును శాసించినది. ఆ చిన్నగదిలో గడచు గంటసేపటిమీద రెండు జీవితములును, ఒక్కొక్కప్పుడు బిడ్డల జీవితములును ఆధారపడియుండును.

ఆ కుర్చీలో కూర్చుండుటకు వేఱుగా నొక విద్య యవసరమా యని యడుగువారు మనలో పెక్కండ్రు కలరు. నాలుగు కాపురములను చూచిన వయస్సు, మంచి మనస్సు, సమయమునకు తోచు నాలుగు నీతివాక్యములు – ఇవి చాలవా యని వారి యభిప్రాయము. ఆలుమగల కలహము అద్దముమీద పెసరగింజ నిలుచునంతసేపే యని సామెత చెప్పుకొను జాతి మనది. జారిపోవు గింజకు పండితు డేల? కాని గింజ జారుటకు ముందే యద్దము పగిలిన యిండ్లు మనకు తెలియనివి కావు.

ఈ ప్రశ్నకు చరిత్ర యిచ్చిన సమాధానము వేఱుగా నున్నది. ఇంగ్లాండు దేశమున దాంపత్యసలహా నొక పనిగా చేపట్టినవారు మొదట మంచిమనస్సునే నమ్ముకొనిరి. అది చాలదని యనుభవముచేత నెఱిగిరి. పిదప శిక్షణను కల్పించుకొనిరి. ఆ శిక్షణలో ప్రధానపాఠము వివాహధర్మము కాదు, శరీరశాస్త్రము కాదు, న్యాయశాస్త్రము కాదు. సలహా చెప్పవలెనని తనలో పొంగివచ్చు నాతురతను తాను పట్టి నిలుపుకొనుటయే యా పాఠము. అది యెట్లు పుట్టినదో, దాని కెంత కాలము పట్టినదో, మన దేశమున కది యేల యవసరమో విన్నవించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

పూర్వము మన యూళ్లలో నీపనిని కులపెద్దలును, మేనమామలును, ఇరువైపుల వియ్యాలవారును చేయుచుండిరి. వారికి గొప్ప బలమొకటి కలదు. ఇరువురి పుట్టుపూర్వోత్తరములును వారెఱుగుదురు. వారి మాట వెనుక నూరంతయు నిలిచియుండును. కాని రెండు లోపములును కలవు. వారెవరో యొకరి తరపువారగుట మొదటిది. తీర్పు వారిచేతిలో ముందుగనే యుండుట రెండవది. పిల్లను మరల కాపురమునకు పంపుటయే తఱచుగా నా తీర్పు. ఆమె చెప్పుకొన్న దంతయు నా తీర్పునకు పోవు దారిలో నడ్డముగా పడిన రాయివలె కనబడునే గాని, వినదగిన మాటగా కనబడదు. ఇంటిగుట్టు లంకకు చేటని చెప్పి నోరు మూయించుట యచట మిక్కిలి సులభము.

ఇంగ్లాండున నారంభము మన పంచాయతీకంటె మిక్కిలి భిన్నముగా లేదు. 1876లో నచటి చర్చికి చెందిన మద్యపాన నివారణ సంఘమువారు, ఫ్రెడరిక్ రెయినర్ అను ముద్రాపకుని ప్రోత్సాహమున, లండను పోలీసు కోర్టులకు మిషనరీలను పంపసాగిరి. త్రాగి పట్టుబడినవారిని మందలించి, ప్రతిజ్ఞ చేయించి, మంచిదారికి తెచ్చుట వారి పని. కాని త్రాగుబోతు వెనుక నతని భార్యయు నుండును గదా! 1895 నాటి చట్టముచేత, ఎడతెగని క్రౌర్యమున కోర్వలేని భార్య మేజిస్ట్రేటుకడ వేఱుకాపురపు టుత్తరువును పొందుట కవకాశము హెచ్చినది. అట్టి భార్యలు కోర్టునకు వచ్చినపుడు, ఒకమాఱు పోయి వారిని సమాధానపఱచి రమ్మని మేజిస్ట్రేట్లు ఈ మిషనరీలనే కోరుచుండిరి. 1907 చట్టముతో వారి స్థానమున ప్రొబేషను అధికారులు ఏర్పడిరి. కాపురములు చక్కదిద్దు పనియు వారికే సంక్రమించినది. ఇట్లు నేరస్థులను కనిపెట్టుటకు నియమింపబడినవారు దంపతులకు మధ్యవర్తులైరి. వారిలో దయామయులు పెక్కండ్రు. కాని ఒక స్త్రీ తన భర్తనుగూర్చి చెప్పునపుడు ఏమి వినవలయునో, ఏది వినకుండ తమ మనస్సే యడ్డుపడునో, వారికి నేర్పినవారు లేరు.

దయ చాలదన్నచో శాస్త్రజ్ఞానము చాలునా? ఇరువదవ శతాబ్ది మూడవ నాలుగవ దశకములలో నీ ప్రశ్నకు జర్మనీదేశ మొక సమాధాన మిచ్చినది; అది భయంకరమైనది. 1926లో ప్రష్యా ప్రభుత్వము వివాహసలహా కేంద్రములను నెలకొల్పవలసినదని పురపాలక సంఘములను ప్రోత్సహించెను. అందు ప్రధానముగా వైద్యులు కూర్చుండి, పెండ్లి చేసికొనబోవువారి వంశమును, ఆరోగ్యమును పరీక్షించుచుండిరి. జాతిని మెఱుగుపఱచుట యను ఊహ యా సలహాలో మొదటినుండియు మెదలుచుండెను. హిట్లరు ప్రభుత్వము వచ్చినపిమ్మట, 1935 నాటి వివాహారోగ్య చట్టముతో, సలహా కాస్త నిషేధమైనది. అమెరికాలో 1930లో లాస్ ఏంజలీసు నగరమున కుటుంబసంబంధముల సంస్థను స్థాపించిన పాల్ పొపెనో పండితుడును సుప్రజననవాదమునుండి యీ రంగమునకు వచ్చినవాడే. ఇచట మనము నేర్చుకొనవలసిన దొకటి కలదు. ఎదుట కూర్చున్న యిరువురికంటె వేఱైన యే ప్రయోజనమునకైనను – వంశమునకు గాని, జాతికి గాని, మతమునకు గాని, కోర్టు లెక్కలకు గాని – సలహాదారు కట్టుబడియున్నచో, ఆ సలహా వారికి చెందినది కాదు.

మతాచార్యుల దయయు, వైద్యుల శాస్త్రమును కలిసి, రెండును చాలవని తెలిసికొన్న చోటు 1938లో లండనున నేర్పడిన వివాహమార్గదర్శక సమితి. ప్రెస్బిటేరియను మతాచార్యుడైన హెర్బర్టు గ్రే దాని స్థాపకులలో ముఖ్యుడు. స్కాట్లండున జన్మించిన యువ మెథడిస్టు బోధకుడు డేవిడ్ మేస్ దానికి ప్రాణము పోసినవాడు. యుద్ధము నడుచుచుండగనే, 1943లో, లండనున వారొక కేంద్రమును తెఱచిరి. ఎవరైనను వచ్చి తమ కాపురపు కష్టమును చెప్పుకొనవచ్చును, పేరు బయటపడదు. వచ్చువారు వచ్చుచునే యుండిరి. ఏండ్లతరబడి వేఱువేఱు దేశములలో నున్న దంపతులు యుద్ధము ముగిసి యొకరి ముఖమొకరు చూచుకొన్నపుడు అపరిచితులైయుండిరి. యుద్ధమునకు ముందు ఇంగ్లాండు, వేల్సులలో సంవత్సరమునకు సుమారు 6 వేల విడాకులు; 1947లో అవి 60 వేలకు పైబడినవి. 1937లో విడాకుల కారణములను చట్టము విస్తరింపజేయుట కొంతవఱకు కారణమైనను, యుద్ధమే ప్రధానకారణము.

ఈ సంఖ్య రాజ్యాంగమును కదల్చినది. విడాకుల విచారణ పద్ధతిని పరిశీలించుటకు నియమింపబడిన సంఘమునకు డెన్నింగు న్యాయమూర్తి అధ్యక్షుడు. కాపురములకు సాయపడు సేవ యొకటి రాజ్యాంగము సాయముతో నెలకొనవలయునని యా సంఘము 1947లో సూచించెను. ఆ సాయ మెట్లుండవలయునో నిర్ణయించుటకు సర్ సిడ్నీ హారిస్ అధ్యక్షతను మఱియొక సంఘము కూర్చుండి 1948లో నివేదిక నొసగెను. ఆ నివేదికయొక్క సారము గమనింపదగినది. ప్రభుత్వము ధన మీయవచ్చును. కాని దంపతుల గదిలోనికి తాను పోరాదు. ఆ పని స్వచ్ఛంద సంఘములకే యుండవలయును. అయితే ఆ ధనము ముఖ్యముగా సలహాదారుల యెంపికకును శిక్షణకును వినియోగింపబడవలయును. ఇంతకాలమునకు, దాంపత్యసలహా చెప్పువారికి చదువవసరమని యొక రాజ్యాంగము తన బొక్కసము తెఱచి యొప్పుకొన్నది.

అప్పటికి సలహాదారులుగా రాదలచిన వారెవరు? అధికసంఖ్యాకులు మధ్యతరగతి గృహిణులు. ఉపాధ్యాయులు, మతాచార్యులు, ఉద్యోగులు కొందఱు. జీతము లేదు. వారమునకు నాలుగైదు గంటలలోపు కాలము నర్పించుటకు మాట యిచ్చి, దానికి బదులుగా శిక్షణ పొందుచుండిరి. దరఖాస్తు పెట్టినవారి నందఱను గ్రహింపలేదు. వారిని గుంపులుగా కూర్చుండబెట్టి సంభాషింపజేసి, విడివిడిగా ప్రశ్నించి, అనుభవజ్ఞులు పరీక్షించెడివారు. వారు వెదకినది పాండిత్యమును కాదు. తన కాపురపు వ్యథను పరుల కాపురములలో తీర్చుకొనజూచువారిని, మంచిచెడ్డలకు ముందే కొలబద్ద పట్టుకొని వచ్చువారిని తప్పించుటయే వారి కష్టమైన పని. మంచివారే యిందు తఱచుగా తప్పిపోవుట చూచి సమితివారికే యాశ్చర్యము కలిగియుండును. ఏలయన, లోకమున మంచివారనిపించుకొనుటకు కారణమైన గుణమే – ఎదుటివారి కష్టము చూడగనే చేయి చాచి దిద్దబూనుట – ఈ గదిలో దోష మగుచున్నది.

శిక్షణ రెండు భాగములుగా నుండెను. వారాంతములందు నివాసశిబిరములలో పాఠములు, చర్చలు. అది మొదటి భాగము. కేంద్రములో పని మొదలుపెట్టినపిదప తన కేసులను తీసికొని ట్యూటరుతోను, తోటి సలహాదారుల బృందముతోను ఎడతెగక చర్చించుట రెండవ భాగము. తరువాత రగ్బీ పట్టణమున హెర్బర్టు గ్రే పేర నొక కళాశాలయే వెలసినది. మొదటి భాగము కొంతకాలమునకు ముగియును. రెండవది, సలహాదారు ఆ పనిలో నున్నంతకాలము ముగియదు. వైద్యుడు పట్టముతో పరీక్షలనుండి విముక్తుడగును. ఈ విద్యలో నట్టి విముక్తి లేదు. ఇది యేల యట్లయినదో తెలియవలెనన్న, ఆ కాలమున వేఱువేఱు చోట్ల జరిగిన రెండు పరిశోధనలను చెప్పవలయును.

మొదటిది అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున కార్ల్ రోజర్సు ఆచార్యుడు చేసినది. అంతవఱకు గదిలో నేమి జరిగినదో లోకమునకు తెలియు మార్గ మొక్కటే: సలహాదారు జ్ఞాపకముంచుకొని వ్రాసినది. జ్ఞాపకము తన యజమానికి ముఖస్తుతి చేయును. రోజర్సు తన శిష్యులతో కలిసి సంభాషణలను గ్రామఫోను పలకలమీద కెక్కించెను. 1942లో ప్రకటించిన గ్రంథమున, ఒక వ్యక్తితో జరిగిన ఎనిమిది సమావేశములను, సలహాదారు పలికిన ప్రతిమాటతో సహా, పూర్తిగా నచ్చొత్తించెను. శిష్యులలో నొకడు పలకలను వినుచు మాటలను లెక్కించెను. సలహా చెప్పి నడిపించు పద్ధతివారు, చెప్పక వినెడి పద్ధతివారికంటె దాదాపు ఆఱు రెట్లు మాటలాడుచున్నట్లు తేలినది. సాయము కోరి వచ్చినవానికి మాటలాడుటకు మిగిలిన కాలమెంత? తాను శ్రద్ధగా వినుచున్నానని నమ్మిన యుపకారి, పలక మరల త్రిప్పి విన్నపుడు తన కంఠమునే వినవలసివచ్చినది. వచ్చినవారిని రోగి యనుట మాని క్లయింటు అనుట ప్రచారములోనికి తెచ్చినవాడును రోజర్సే. మన కోర్టులలో కక్షిదారు అన్నచో పోరాడు పక్షము; ఆయన యుద్దేశించినది, తన జీవితమునకు తానే యజమానియై యుండి సాయము కోరు మనిషి.

రెండవ పరిశోధన లండనులో జరిగినది. 1869లో దానధర్మ వ్యవస్థాసంఘముగా పుట్టి, 1946లో కుటుంబ సంక్షేమ సంఘమని పేరు మార్చుకొన్న సంస్థ, 1948లో కుటుంబచర్చా కార్యాలయమను శాఖను నెలకొల్పినది. దానికి మూలస్తంభము ఎనిడ్ అను విదుషి. మానసిక విశ్లేషకుడు మైకేల్ బాలింటును పిదప వివాహమాడి ఎనిడ్ బాలింటుగా ప్రసిద్ధురాలైనది. అచటి కార్యకర్తలు టావిస్టాక్ సంస్థకు చెందిన మానసిక వైద్యుల సాయముతో నొక పద్ధతిని కనిపెట్టిరి. భార్య మాట వినుట కొక కార్యకర్త, భర్త మాట వినుటకు వేఱొక కార్యకర్త. వారమున కొకమాఱు కార్యకర్తలందఱు గుండ్రముగా కూర్చుండి యా కేసును చర్చింతురు. అచట నొక విచిత్రము కనబడసాగెను. నిన్నటివఱకు స్నేహితులుగా నున్న యిరువురు కార్యకర్తలు, ఫలానా దంపతుల విషయము వచ్చినంతనే యొకరినొకరు తప్పుపట్టుకొందురు. ఒకరు పట్టుదలతో మాటలాడుదురు, ఒకరు ముఖము చాటుచేసికొందురు. విచారించి చూడగా, ఆ దంపతుల యింటిలో జరుగుచున్నది సరిగా నదియే! ఇంటి కలహము కార్యకర్తల మనస్సులలో నెక్కి, వారికి తెలియకయే, చర్చాగృహమువఱకు నడచివచ్చినది.

దీనిని మొదట తప్పుగా నెంచిరి. క్రమముగా నదియే గొప్ప సాధన మని గ్రహించిరి. 1955లో అమెరికా మనోవైద్యుడు హెరాల్డు సెర్ల్సు ఈ ప్రతిబింబమునుగూర్చి వ్రాసెను. 1975లో లండను సంస్థకు చెందిన జానెట్ మాటిన్సన్ దీనినే విషయముగా గ్రంథమును ప్రకటించినది. చెప్పవలసిన దంతయు దంపతులు నోటితో చెప్పలేరు. చెప్పలేని భాగమును వినువానికి కలుగునట్లు చేసి విడుతురు. వినువానికి తన మనస్సు తనకు తెలియనిచో, అది వారినుండి వచ్చినదో తనదో వేఱుపఱచుకొనలేడు.

ఇది శాస్త్రపు మాటగా తోచకుండుటకు నే నొక యుదాహరణమును కల్పించి చెప్పెదను. ఒక బడిపంతులును అతని భార్యయు కౌన్సెలరు వద్దకు వచ్చినారనుకొందము. అతడు నెమ్మదిగా, పెద్దమనిషి తరహాగా మాటలాడును. ఆమె యేడ్చును, గొంతెత్తును, చెప్పినదే చెప్పును: "మీకు తెలియదు మేడమ్, ఇంట్లో ఈయన అసలు మాట్లాడరు. గోడతో కాపురం చేస్తున్నాను." అరగంటకు కౌన్సెలరునకు విసుగు పుట్టును. ఆమెను తగ్గి మాటలాడుమని చెప్పవలెననిపించును. అతనిపై జాలి కలుగును. శిక్షణ లేని కౌన్సెలరు ఆ జాలినే న్యాయమనుకొని, "కొంచెం సర్దుకోవమ్మా" అనును. ఆమె మాటలు మానివేయును. ఫైలులో 'ఉభయులు సమాధానపడిరి' అని వ్రాయబడును.

శిక్షణ పొందిన కౌన్సెలరునకును అదే విసుగు పుట్టును. శిక్షణ విసుగును చంపదు. కాని యామె తన్ను తాను ప్రశ్నించుకొనును: ఈ గదిలో నేనిపుడు ఎవరివలె నున్నాను? ఆమె మాట వినబుద్ధి పుట్టక, ఇంకొక గోడగా మారుచున్నాను గదా! ఇంటిలో ఆ భర్త చేయునది యిదియేనా? నెమ్మదితనము కూడ నొక విధమైన తలుపు మూత కావచ్చునా? అపుడామె సలహా చెప్పదు. "మీరు మాట్లాడుతూ ఉంటే నాకే వినడం కష్టమైంది. ఇంట్లోనూ ఇలాగే జరుగుతుందా?" అని యడుగును. తలవంచుకొని కూర్చున్న భర్త మొదటిమాఱు తలయెత్తి యేదో చెప్పబోవును. కాపురము నిలుచునో నిలువదో యిప్పటికిని తెలియదు. కాని ఇరువురును నిజము చెప్పుకొను చోటొకటి యేర్పడినది. ఆ రెండు కౌన్సెలర్లకు నడుమ నున్న భేదము దయలో లేదు, తెలివిలో లేదు. ఒకతె తన కేసులను తోటివారి ముందు పెట్టి, తన పొరపాట్లను వారిచేత చెప్పించుకొన్నది. వేఱొకతె కట్టి యవకాశము దొరకలేదు. భేద మంతయు నదియే.

అయినను ఈ విద్యను పొగడుటయే నా యుద్దేశము కాదు. దానికి నొక గ్రుడ్డితనము చిరకాలముండెను. కలహమనగా నిరువురు కలిసి అల్లుకొన్నదని చెప్పు శాస్త్రము, ఒకడు కొట్టుచుండగా నొకతె దెబ్బలు తినుచున్న యింటిని గూడ నట్లే చూచుటకు దారితీసినది. ఆమె యేమి చేయుటచేత నతనికి కోపము వచ్చినదని యడుగుట, ఆ గదిలో నొక శాస్త్రీయ ప్రశ్నవలె నుండెను. ఆ ప్రశ్న విని యింటికి మరలిపోయిన స్త్రీకి నా రాత్రి యేమయ్యెనో ఫైలు చెప్పదు. 1971లో లండనులోని చిజ్విక్ పేటలో దెబ్బలు తిన్న స్త్రీలకు శరణాలయ మొకటి తెఱువబడినది. తరువాత నట్టివి పెక్కులు వెలసినవి. అచట తలదాచుకొన్న స్త్రీల కథలు, సలహాదారుల విద్యకు బయటనుండి వచ్చిన గొప్ప పాఠము. సమాధానము కుదుర్చుటకు ముందు, ఇంటిలో భయమున్నదా లేదా యని వేఱువేఱుగా నడిగి తెలిసికొనుట శిక్షణలో చేరవలసివచ్చినది. భర్త యెదుట భార్యను, నీకు భయమా యని యడుగువాడు సమాధాన మడుగుటలేదు, అబద్ధమును చెప్పించుచున్నాడు.

ఇక మన దేశమునకు వత్తము. కుటుంబ న్యాయస్థానముల యూహను మొదట బలముగా చెప్పినవారిలో మన రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారుండుట తెలుగువారికి గర్వకారణము. ఆంధ్రమహిళాసభను స్థాపించిన యా విదుషీమణి 1953లో చైనా పర్యటనమున నచటి కుటుంబ న్యాయస్థానములను పరిశీలించి, మరలివచ్చి, న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కరు గార్లతోను, ప్రధాని నెహ్రూగారితోను ఆ విషయమును చర్చించిరి. ఆమె 1981లో పరమపదించిరి. చట్టము 1984లో వచ్చినది. ఆ సంవత్సరముననే టాటా సాంఘికశాస్త్ర సంస్థవారు బొంబాయి పోలీసు కమిషనరు కార్యాలయమున, హింసకు గురియైన స్త్రీలకొఱకు ప్రత్యేకవిభాగము నొకటి నెలకొల్పి, శిక్షణ పొందిన సాంఘిక కార్యకర్తలను అచట కూర్చుండబెట్టిరి. పోలీసుస్టేషనులో నుండియు పోలీసులు కాని వారు, బాధితురాలి మాటకు మొదటిస్థాన మిచ్చువారు – ఇది మన దేశపు సొంత ప్రయోగము. ఇంగ్లాండు పాఠమునకు నకలు కాదు.

2005 నాటి గృహహింస నివారణ చట్టమును, దాని ననుసరించి 2006లో వచ్చిన నియమములును ఈ చరిత్ర నంతయు కొన్ని వాక్యములలో నిమిడ్చినవి. వివాదమున స్వప్రయోజనము కలవారును, ఉభయులలో నెవరికైనను బంధువులగువారును సాధారణముగా కౌన్సెలరుగా నుండరాదు. అనగా మేనమామల పంచాయతీకి సెలవు. తాను చేసిన హింసకు ప్రతివాది యే సమర్థనమును కౌన్సెలింగులో చెప్పుకొనరాదు; ఈ సంగతి పని మొదలుపెట్టుటకు ముందే యతనికి తెలుపవలయును. ఆమె యేమి చేసినదని కొట్టితివి – అను ప్రశ్నకే తలుపు మూయబడినది. లండను శరణాలయములలో కన్నీటితో వ్రాయబడిన పాఠము, మన నియమములలో నొక చిన్న వాక్యమై నిలిచినది.

చట్టమున్నది, కుర్చీ యున్నది, కూర్చుండువారును కలరు. మఱి కొఱత యేమి? ఎంపికకు పట్టము నడుగుట సులభము. సాంఘికసేవలోనో, మనశ్శాస్త్రమునందో ఎం.ఏ. పట్టముండవలెనని వ్రాసిన చాలును. కాని హారిస్ సంఘము ధనము నిమ్మన్నది పట్టమునకు మాత్రమే కాదు. నెలకు నూఱు కాపురముల దుఃఖమును వినువారికి, తమ మనస్సును విప్పి చూచుకొనుటకు వారమున కొక గంట యుండవలయును. ఆ గంటకు నొక యనుభవశాలి యుండవలయును. ఆ గంటయు ఉద్యోగములో భాగముగా లెక్కింపబడవలయును. సమాధానపడిన జంటల సంఖ్యనుబట్టి కౌన్సెలరు పనిని కొలుచు కార్యాలయమున నీ గంటకు చోటు లేదు. అట్టి కొలత పెట్టినచో, ఎంత చదివినవారైనను మరల పంచాయతీ పెద్దలే యగుదురు. చేతికఱ్ఱకు బదులు చేతిలో కలముండును, అంతియే. తగినరీతిని విడిపోవుటకు సాయపడుటయు నీ విద్యలోనిదే. ఇంగ్లాండులో వివాహమార్గదర్శక సమితి 1988లో 'రిలేట్' అని పేరు మార్చుకొన్నపుడు, పేరులోనుండి వివాహమును మార్గదర్శకత్వమును రెండును తొలగిపోవుట యాలోచింపదగిన విషయము. కాపాడవలసినది ముందుగా మనుష్యులను; వారు కోరినచో కాపురమును.

ఇంతయు కోర్టులకు సంబంధించినదని చదువరు లనుకొనరాదు. కోర్టు గదికి వచ్చునది చివరిమెట్టు. అంతకు ముందు ప్రతి కలహమును ఏదో యొక వంటింటి గడపకడ, ఒక తల్లి ముందో, వదినె ముందో, పొరుగింటి పిన్నమ్మగారి ముందో కూర్చుండి యుండును. ఆ గడపకడ మన మందఱమును శిక్షణ లేని సలహాదారులమే. పుట్టింటికి వచ్చిన కూతురు సంచి క్రింద పెట్టకముందే, ఎప్పుడు వెళ్లుదువని యడుగు నలవాటు మనది. ఆమె నోరు విప్పకముందే మన చేతిలో తీర్పున్నది. నూఱేండ్ల చరిత్ర మనకు నేర్పునది కష్టమైన శాస్త్రము కాదు: ఆ తీర్పును కొంచెము సేపు ప్రక్కన పెట్టి, మన భయమేదో, పరువేదో, ఆమె బాధ యేదో విడదీసికొని, ఆమె చెప్పునది పూర్తియగువఱకు వినుట. శిక్షణ పొందిన వారికే యిది జీవితకాలపు సాధనయైనపుడు, మనకు మొదటిదినముననే పట్టుపడదు. అయినను మొదలుపెట్టుటకు కోర్టు ఉత్తరువు అక్కఱలేదు. కూతురు గుమ్మములో నిలిచినపుడు, "ఏమైందో చెప్పమ్మా, నేను వింటాను" అనిన చాలును.